లోపలికి తిప్పిన గడియారం

ఆ పొద్దు జమున పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది, కూరలో అసలే వేయలేదు. తండ్రి బుచ్చిరాములు రెండూ కలిపి తిని, "కలిస్తె సరిపోయింది తియ్యి" అని చెయ్యి కడుక్కున్నాడు. మామూలుగా అయితే ఇల్లు పీకి పందిరి వేసే మనిషి. ఆ రోజు ఆయన మనసు కూడా కంచంలో లేదు. ఇద్దరి మనసూ గూట్లో మెత్తటి గుడ్డ చుట్టి పెట్టిన ఒక గడియారం మీదే ఉంది.

ఆ గడియారం పేరు దివాన్. హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీ తాతల కాలం నుంచి దాన్ని చేస్తోంది. రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దది, అప్పడమంత పలుచన, లోపల అంకెలు ఉండవు, సన్నటి గీతలే. కరీంనగర్‌లో పేరున్న వకీళ్ళు, షావుకార్లు కోటు చేతి కింద నుంచి దాన్ని కొద్దిగా కనబడనిచ్చేవాళ్ళు. దివాన్ పెట్టుకున్నవాడు ఎప్పుడూ తొందర పడడని ఒక మాట కూడా ఉండేది. తొందరపడే పనులన్నీ ఆడవాళ్ళకు ఒప్పజెబితే ఎవడైనా నిదానంగానే ఉంటాడు, అది వేరే సంగతి.

ఇప్పుడు ఆ కంపెనీకి దివాన్‌ను ఆడవాళ్ళకోసం చేయాలని బుద్ధి పుట్టింది. ఇంతకు ముందు ఒకసారి పుట్టింది కూడా. గడియారాల కంపెనీలకు ఒక జబ్బు ఉంటుంది కదా, ఆడవాళ్ళకు అనగానే సామాను చిన్నది చేసి, గులాబీ రంగు పూసి, చుట్టూ నాలుగు తళుకు రాళ్ళు అద్ది చేతులు దులుపుకుంటారు. అది ఎవరూ కొనలేదు. ఈసారి కంపెనీ నుంచి వచ్చిన అనిల్ కుమార్ ఆ మాట దాచకుండా చెప్పాడు. ఆయనది పక్కనున్న చొప్పదండే, అందుకని వంకర మాటలు రావు.

"మేము తప్పు చేసినం కాకా. గీసారి కరీంనగర్ తీగ పనితోని చేద్దామనుకుంటున్నం. నాలుగిండ్లకు నాలుగు గడియారాలు ఇస్తున్న. ఎవల నమూనా నచ్చితె వాళ్ళదే. ఎనుక మూత మీద చేసినోళ్ళ పేరు చెక్కిస్తం" అన్నాడు బుచ్చిరాములుతో.

తలుపు చాటున వెండి తీగ మెలివేస్తున్న జమున చేతులు ఆ చివరి మాటకు ఆగిపోయాయి.

జమున పేరు ఇంతవరకు ఎక్కడా చెక్కలేదు. పుట్టింది ఈ ఇంట్లోనే. నడక వచ్చిన కొత్తలోనే కమ్మచ్చు ముందు కూర్చుంది. కమ్మచ్చు అంటే వరసగా రంధ్రాలున్న ఇనుప పట్టీ, వెండి కడ్డీని ఒక్కో రంధ్రంలోంచి లాగుతూ పోతే చివరికి వెంట్రుకంత తీగ వస్తుంది. తీగ లాగడం, రెండు పోగులు మెలివేయడం, సుత్తితో సాపు చేయడం, చిమటా అనే సన్నటి పటకారుతో చుట్టలు చుట్టడం, ఇవన్నీ ఆడవాళ్ళ పనులు. చుట్టలను అమర్చి, వెలిగారం చల్లి, ఊదుగొట్టంతో మంట ఊది అతికించడం మగవాళ్ళ పని. ఆ ఇంట్లో తాతల నాటి కట్టుబాటు ఒకటుంది: ఊదినోళ్ళదే సామాను. చుట్టలు వేయి చుట్టనీ, లక్ష చుట్టనీ, ఆఖరున మంట ఊదిన మనిషిదే ఆ సామాను. ఆడవాళ్ళు ఎందుకు ఊదరని చిన్నప్పుడు జమున అడిగితే బుచ్చిరాములు, "మీ ఊపిరి ముచ్చట్లకే చాలదు బిడ్డా" అని నవ్వాడు.

ఆమె మూతి ముడుచుకుంది కానీ ఊరుకోలేదు. తండ్రి బజారుకు పోయినప్పుడు రాగి ముక్కలమీద ఊది నేర్చుకుంది. సుల్తానాబాద్‌లో పెళ్ళయింది. భర్త హనుమండ్లు దుబాయికి డ్రైవర్‌గా పోయాక, పొలం పనికంటే తీగ పనే మేలని తండ్రి దగ్గరికి వచ్చేసింది. వాడకట్టులో తెగిన పట్టగొలుసులు అతికేది ఆమే. బుచ్చిరాములుకు అది తెలుసు, చూసీ చూడనట్టు ఉండేవాడు. అవి రిపేర్లు, సామాన్లు కావు గదా అని ఆయన లెక్క.

ఇప్పుడు దివాన్ వచ్చింది. జమునకు కాలు ఒకచోట నిలవడం లేదు. నీళ్ళు పట్టడానికి పోయి బిందె అక్కడే పెట్టి వచ్చింది. దుబాయి నుంచి ఫోన్ చేసిన భర్తకు గడియారం సంగతి తప్ప ఇంకేమీ చెప్పలేదు. "నేను ఎట్లున్ననో అడుగవా?" అని ఆయన అడిగితే, "మంచిగనే ఉన్నవ్ గదా, మాట్లాడుతున్నవ్ గదా" అన్నది.

మొదటి నమూనాకు తండ్రీ కూతుళ్ళిద్దరూ పోటీపడి పని చేశారు. గడియారం అద్దం చుట్టూ నెమలి పురి విప్పినట్టు తీగ అల్లిక. ఎక్కడా ఖాళీ లేదు. తీగ పనివాళ్ళకు ఖాళీ కనబడితే దురద పుడుతుంది, చుట్ట పెట్టేదాకా నిద్ర పట్టదు. జమున చుట్టింది, బుచ్చిరాములు ఊదాడు. అయిపోయాక ఎండలో పెట్టి చూస్తే కళ్ళు చెదిరాయి.

"గింక దీన్ని మించిన నగ లేదు" అన్నాడు బుచ్చిరాములు.

"నగ కాదు బాపు, గడియారం. ఎవలన్న పెట్టుకొని తిరిగితె కద తెలిసేది" అని జమున దాన్ని గుడ్డలో చుట్టుకుని పక్కింటికి ఉరికింది.

పక్కింటి రిబ్కమ్మ మిషన్ దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మెథడిస్టు సంఘంలో పెరిగింది. వాళ్ళ పాత కుటుంబాల్లో ఆడవాళ్ళు గాజులు, గొలుసులు పెట్టరు. పెళ్ళిలో కూడా పెండ్లికూతురికి చేతి గడియారమొక్కటే సింగారం. రిబ్కమ్మ పెళ్ళినాటి నుంచి గడియారం లేకుండా వాకిలి దాటలేదు. వాడంతా ఆమెను సిస్టరమ్మ అనే పిలుస్తారు, ఇప్పటికీ జ్వరమొస్తే ముందు ఆమెకే చెయ్యి చూపిస్తారు. గడియారం గురించి అడగాలంటే ఆమెను కాక ఇంకెవరిని అడగాలి?

"సిస్టరమ్మా, జర గిది పెట్టుకొని సూడుండ్రి. పొద్దుమూకె దాక ఉంచుకోండ్రి. నేను ఈడనే కూసుంట" అన్నది జమున.

రిబ్కమ్మ కళ్ళద్దాలు సర్దుకుని, "అబ్బ, మస్తుగ చేసిండ్రు" అని మెచ్చుకుంది. చేతికి పెట్టుకుంది. కొక్కెం బిగించింది. బిగించి, ఏమీ ఆలోచించకుండా గడియారాన్ని గిర్రున తిప్పి అద్దాన్ని మణికట్టు లోపలికి తెచ్చుకుంది. తర్వాత బియ్యం చాట తీసుకుని రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది.

జమున చూస్తూనే ఉంది. నెమలి లేదు. పురి లేదు. ఇన్నాళ్ళ కష్టమంతా రిబ్కమ్మ మణికట్టు కింద ముఖం దాచుకుంది. పైకి కనబడేది ఒక వట్టి పట్టీ, దాని మీద ఒక మొండి కొక్కెం. పైగా చాట అటూ ఇటూ కదిలినప్పుడల్లా నెమలి ఈకలు రిబ్కమ్మ చీర కుచ్చిళ్ళకు తట్టుకుని పోగులు లాగుతున్నాయి.

"గట్లెందుకు తిప్పిండ్రు?" జమున ఉన్నచోటే లేచి నిలబడింది.

"ఏంది తిప్పిన? గడియారమా? మరి గిట్లనే గదా పెట్టుకునేది. రోగి నాడి పట్టుకుంటె ముల్లు కండ్ల ముందట ఉండాలె. అయినా నేనొక్కదాన్నేనా బిడ్డా? మీ గాజులేసుకునేటోళ్ళు సుత గిట్లనే పెట్టుకుంటరు, గాజులు తాకి అద్దం గీతలు పడ్తదని. మళ్ళ అత్తమామల ముందట చెయ్యెత్తి టైం సూస్తె, ఎప్పుడు పోతరని అడిగినట్టుంటది. లోపలుంటె మెల్లగ సూసుకోవచ్చు." రిబ్కమ్మ ఒక రాయి ఏరి పారేసింది. "నీ చెయ్యి సూసుకో, తెలుస్తది."

జమున తన ఎడమ చెయ్యి చూసుకుంది. హనుమండ్లు మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు తెచ్చిన బంగారు రంగు గడియారం. అద్దం లోపలి వైపు ఉంది. ఇన్నేళ్ళుగా అక్కడే ఉంది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఆడవాళ్ళ గడియారం ఎట్లా ఉండాలని కంపెనీ వాళ్ళకు తెలియలేదంటే అనుకోవచ్చు, గడియారం చేతికి కట్టుకుని కూర్చున్న ఆడమనిషికి తెలియకపోవడమేమిటి?

రెండు క్షణాలు ఆమెకు సిగ్గేసింది. మూడో క్షణంలో సిగ్గు ఎటు పోయిందో తెలియదు. ఒళ్ళంతా ఏదో పాకినట్టయింది. లోకానికి కనబడేది అద్దం కాదు, కొక్కెం. ఇన్నేళ్ళు ఎవరూ పట్టించుకోని ఆ మొండి కొక్కెమే. పని పెట్టాల్సింది అక్కడ. అద్దం అసలు ముట్టుకోవద్దు. దివాన్ ఎంత సాదాగా ఉందో అంత సాదాగా, చీరకు తట్టుకోకుండా లోపల ఉండాలి. ఆమె గడియారం తీసుకోవడం కూడా మరిచి ఇంటికి ఉరికింది. రిబ్కమ్మ చాట పక్కన పెట్టి, గడియారం పట్టుకుని వెనకే వచ్చింది.

బుచ్చిరాములు విన్నాడు. వినడం అయ్యాక అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"అద్దం సుట్టు పని లేకుంటె కంపెనోళ్ళు ఏం సూస్తరు? కొక్కానికి నగిషీ పెడ్తరా ఎవలన్న? చెప్పులు కిందికెల్లి అలంకరించినట్టు."

"బాపు, సిస్టరమ్మ చెయ్యి సూడు. నా చెయ్యి సూడు. ఏది కనవడ్తుంది?"

"మీ చేతులు కాదు, నా పేరు పోతది. నేను ఊదను. నీ పిచ్చి నీది, నువ్వే ఊదుకో."

ఆ మాట అనేసి ఆయన కండువా దులుపుకుని బయటికి పోయాడు. ఏం అన్నాడో ఆయనకు అర్థమైందో లేదో గానీ, జమునకు అర్థమైంది. భయమూ ఉంది. అంతకంటే ఎక్కువగా ఇంకొకటి ఉంది, చిన్నప్పుడు రాగి ముక్క మొదటిసారి ఎర్రబడ్డప్పటిది.

మర్నాడు తెల్లవారగానే కూర్చుంది. దివాన్ చుట్టూ ఉన్న నెమలి అల్లికను ఊడదీసి పక్కన పెట్టింది. నెమళ్ళు వద్దనుకుంది. నెమలి అందరూ చేస్తారు. అత్తగారి ఊరు సుల్తానాబాద్‌లో కోతల ముందు వంగిన వరి వెన్ను ఆమె కళ్ళలో ఉంది. మణికట్టు కూడా అట్లాగే వంగి ఉంటుంది. ఒక వెన్ను కొక్కెం మీదుగా వంగి అటు దిగాలి, కొక్కెం దాని కిందే దాక్కోవాలి. చుట్టూ సన్నటి సాపు కమ్మి, పోగులు తట్టుకోకుండా. ఒక్కో గింజనూ చిమటాతో చుట్టి, ఆకులు చీల్చి, అన్నిటినీ అభ్రకం రేకు మీద పేర్చింది. బుచ్చిరాములు మూడుసార్లు అటు వచ్చి, మూడుసార్లూ వేరే ఏదో వెతుక్కుంటున్నట్టు వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది ఊదడం. అక్కడే ప్రాణం ఉంది. కొక్కెం మందంగా ఉంటుంది, వెన్ను వెంట్రుకంత సన్నం. కొక్కెం కాగేదాకా మంట పెడితే వెన్ను నీరైపోతుంది. వెన్నుకు సరిపడా మంట పెడితే కొక్కెం అతకదు. కరిగితే మళ్ళీ మొదటి నుంచి చేసే సమయం లేదు, అనిల్ కుమార్ వచ్చే రోజు దగ్గర పడింది. పేరు మాట అటుంచి, తీగ పనివాళ్ళ సంఘంలో నాలుగిళ్ళ ముందు తండ్రి వట్టి చేతులతో నిలబడాలి. జమున వెలిగారం చల్లింది. ఊదుగొట్టం పెదవులకు ఆనించింది.

మంటను కొక్కెం మీదికే వంచింది, వెన్ను దిక్కు పోనివ్వలేదు. బుగ్గలు నింపుకుని, ముక్కుతో గాలి తీసుకుంటూ, తెగకుండా ఊదింది. కొక్కెం ముదురు ఎరుపుకు వచ్చింది. టంకం మెరిసి, ఒక్కసారిగా నీళ్ళలా అతుకు లోపలికి పారింది. అదే తీయాల్సిన క్షణం. తీసింది, కానీ ఒక్క రవ్వ ఆలస్యమయింది. చివర ఉన్న ఒక గింజ కుంగి చప్పబడింది.

గుమ్మంలో బుచ్చిరాములు నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. లోపలికి వచ్చి, చల్లారిన వెన్నును చిమటాతో ఎత్తి వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు.

"ఒక గింజ పోయింది బాపు."

"పోనియ్యి. వెన్నుల ఒక్క తాలన్న లేకుంటె రైతులు నమ్మరు" అని ఆయన దాన్ని మెల్లగా కింద పెట్టి పోయాడు.

జమున కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, ఏడ్చింది, రెండూ ఒకేసారి చేసింది. ఆ రోజు కూరలో ఉప్పు సరిగ్గా పడింది.

అనిల్ కుమార్ వచ్చిన రోజున సంఘం హాల్లో బల్ల మీద మూడు గడియారాలు పరిచి ఉన్నాయి. ఒకదాని చుట్టూ హంసలు, ఒకదాని చుట్టూ తామరలు, మూడోదాని చుట్టూ అన్నీ. బాగున్నాయి, లేవని ఎవరూ అనలేరు. అనిల్ కుమార్ వాటిని చూసి తల ఊపుతున్నాడు గానీ, ఆ ఊపులో ఊపు లేదు. జమున తండ్రి వెనకే లోపలికి వచ్చి రెండు చేతులూ జోడించింది.

"నమస్తె సార్."

జోడించిన చేతుల మీద అనిల్ కుమార్ చూపు ఆగిపోయింది. ఎడమ మణికట్టు మీదుగా వంగి ఉంది వెండి వరి వెన్ను. కిటికీ వెలుతురు గింజ గింజనూ పట్టుకుంటోంది.

"కడియం మస్తుగున్నది అక్కా. గిది మీరే చేసిండ్రా? మరి మా గడియారం ఏది?"

జమున తోవలో పాఠంలా నేర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. అరచెయ్యి వెల్లకిల తిప్పి ఆయన ముందు పెట్టింది. లోపల దివాన్ ఉంది, పలుచగా, సాదాగా, ఏ నగా లేకుండా, తాతల నాటి ముఖంతోనే.

అనిల్ కుమార్ దాని మీదికి వంగి చూశాడు. తర్వాత ఆమె చెయ్యి అటు తిప్పమన్నాడు, ఇటు తిప్పమన్నాడు, మళ్ళీ అటు తిప్పమన్నాడు. "మా అవ్వ గిట్లనే పెట్టుకుంటది. నేను పుట్టినకాడికెల్లి సూస్తున్న. ఒక్కనాడన్న యాదికి రాలే" అని పగలబడి నవ్వాడు. తామరలు చేసినాయన కూడా వచ్చి కొక్కెం లోపలి అతుకు చూసి, "ఎవలు ఊదిండ్రు గిది?" అని అడిగాడు. బుచ్చిరాములు కిటికీ దిక్కు చూశాడు.

"గిదే" అన్నాడు అనిల్ కుమార్. జమున చెవుల్లో హోరెత్తింది. ఆ హోరులోనే తర్వాతి మాట వినబడింది. "ఎనుక మూత చిన్నది, ఒక్క పేరే పడుతది. బుచ్చిరాములు అనే రాయమంటరు గదా కాకా?"

జమున ఇన్ని రోజుల సంబరమూ ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చి నిలబడింది. తనకు కావాలి. ఆ పేరు తనకు కావాలని అంత గట్టిగా ఉందని ఆమెకు కూడా అప్పుడే తెలిసింది. అయినా తండ్రి ఎదురుగా ఉన్నాడు, నాలుగిళ్ళ వాళ్ళు ఉన్నారు. అవునని తల ఊపబోయింది.

"బుచ్చిరాములు అని రాస్తె అబద్ధమైతది" అన్నాడు బుచ్చిరాములు. ఆయన ఎవరి ముఖమూ చూడలేదు, కండువా కొస వేలికి చుట్టుకుంటున్నాడు. "మా ఇంట్ల ఊదినోళ్ళదే సామాను. ఊదింది నా బిడ్డ. జమున అని రాయి."

కొద్ది రోజులకు పేరు చెక్కిన మొదటి గడియారం ఇంటికి వచ్చింది. జమున దాన్ని తండ్రికి చూపించి నేరుగా రిబ్కమ్మ చేతికి పెట్టింది. రిబ్కమ్మ ఈసారి తిప్పలేదు. తిప్పే పని లేకుండానే అద్దం లోపల కూర్చుంది, వెన్ను పైకి వంగింది.

"పేరు మాత్రం ఎవలికి కనవడది సిస్టరమ్మా" అన్నది జమున. నవ్వుతూనే అన్నది, కానీ ఆ మాటలో కొంచెం వెలితి ఉంది. "మూత అటు దిక్కు, చేతి తోలుకు ఆనుకొని ఉంటది."

రిబ్కమ్మ అలవాటు కొద్దీ గడియారాన్ని కాస్త పైకి జరిపి, తన మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి నాడి చూసుకుంది. తర్వాత ఆ వేళ్ళున్న చోటికే గడియారాన్ని మళ్ళీ జార్చింది.

"నీ పేరు సరిగ్గ ఈడ ఉంటది బిడ్డా" అన్నది. "దీన్ని పెట్టుకున్న ప్రతి ఆడిదాని నాడి నీ పేరు మీదనే కొట్టుకుంటది."